డెల్టా వంటింటి చరిత్ర – 9: మసిగుడ్డ

రోలు రాయి కాబట్టి మిగిలింది. కుండ పగిలినా పెంకు మిగులుతుంది. ఏ ప్రదర్శనశాలకు వెళ్లినా మట్టిపాత్రలకు ఒక అర ఉంటుంది. వంటింటి గుడ్డకు ఆ యోగం లేదు. కైరో పక్కన ఫుస్తాత్ దిబ్బల్లో మన దేశపు అద్దకం బట్టల పేలికలు వందల ఏళ్ల తర్వాత కూడా రంగు చెడకుండా దొరికాయి. ఎక్కువగా గుజరాత్ నుంచి వెళ్లినవి. అక్కడి ఎండు నేల వాటిని కాపాడింది. మన డెల్టా నేల చెమ్మ నేల. ఇందులో పడిన నూలు గుడ్డ నాలుగు వానలకే మట్టిలో కలిసిపోతుంది. అందుకే ఈ భాగం రాయడానికి తవ్వకాల నివేదికలు పనికిరావు. గుడ్డ సంగతి తెలియాలంటే ఒకవైపు నరసాపురం చుట్టూ జరిగిన బట్టల వ్యాపారం చూడాలి, మరోవైపు మన ఆడవాళ్ల చేతి అలవాట్లు చూడాలి.

ముందు చేతి అలవాటు నుంచే మొదలుపెడదాం.

ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852కి పూర్తయింది. అంతకుముందు ఈ నేల మీద వాన దయ మీద పండే పంటలే ఎక్కువ. కాలవలు వచ్చాక పొలాలన్నీ వరికి తిరిగాయి. పూటపూటా అన్నం వండే ఇళ్లు పెరిగాయి. అన్నం అంటే ఆ రోజుల్లో వార్పు. అత్తెసరు పెట్టడం తెలియక కాదు. నలుగురైదుగురికి వండే ఇంట్లో కుండ నిండా ఎసరు పోసి, మెతుకు పదును చూసి, సిబ్బి మూసి గంజి వార్చేస్తేనే అన్నం పొడిపొడిగా వచ్చేది. పొయ్యి మీద నుంచి దించిన కుండ అంచును రెండు వైపులా పట్టి, సిబ్బి జారకుండా బొటనవేళ్లతో అదిమి, వంచాలి. చేతికీ ఆ కుండకీ మధ్య ఉండేది నాలుగు మడతల పాతగుడ్డ ఒక్కటే.

ఆ గుడ్డ పొడిగా ఉండాలి. "ఒసేయ్, తడిగుడ్డతో పట్టుకోకే, చెయ్యి కాలుద్ది" అనే కేక వినకుండా డెల్టాలో ఏ ఆడపిల్లా వంట నేర్చుకోలేదు. అందులో భౌతికశాస్త్రం ఉంది. పాత నూలుగుడ్డ మడతల మధ్య గాలి నిలుస్తుంది, గాలి వేడిని అంత త్వరగా పోనివ్వదు. గుడ్డ తడిస్తే ఆ గాలి ఉండాల్సిన చోటికి నీళ్లొస్తాయి. నీళ్లు వేడిని చప్పున చేతికి చేర్చడమే కాదు, అక్కడే ఆవిరవుతాయి. పొడిగుడ్డతో పది లెక్కపెట్టేదాకా పట్టుకోగలిగిన కుండని తడిగుడ్డతో రెండు లెక్కపెట్టేలోపే వదిలేస్తాం.

వార్చిన గంజి ఎటు పోయింది? కొంత ఉప్పుగల్లు వేసుకుని తాగడానికి, కొంత గేదెల కుడితిలోకి. మిగిలింది బట్టలకి. మగవాళ్ల పంచెలు గంజిలో ముంచి పిండి దండెం మీద ఆరేసేవారు. ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. నూలుకి అన్నం గంజి పట్టించడం అనే ఈ పని ఇంట్లో పుట్టింది కాదు, మగ్గం దగ్గరిది. ఉప్పాడలో గానీ పులుగుర్తలో గానీ బండారులంకలో గానీ మగ్గం ఎక్కే ముందు పడుగుకి గంజి పెట్టి తీరాలి. లేకపోతే నాడె రాపిడికి పోగులు తెగుతాయి. తెల్లారుజామునే, ఎండ ముదరకముందే, వీధి పొడుగునా పడుగు సాగదీసి, గంజి పూసి, కుంచెతో దువ్వి, పోగు పోగు విడదీసే దృశ్యం సాలీల పేటల్లో నిన్నమొన్నటిదాకా మామూలే. ఆసు పోయడం, కండెలు చుట్టడం ఆడవాళ్ల పని. ఆ ఇంట్లో పొయ్యి దగ్గర గంజి వార్చేదీ వాళ్లే. బియ్యపు పిండీ నూలుపోగూ ఒకదాన్నొకటి ఎలా పట్టుకుంటాయో, ఎప్పుడు వదులుతాయో ఈ డెల్టా చేతులకు పుస్తకం లేకుండా తెలుసు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ఆత్రేయపురం చేరాక దీనితో పని ఉంది.

ఇప్పుడు వ్యాపారం సంగతి. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు పాలకొల్లులో, ద్రాక్షారామంలో కోఠీలు పెట్టుకున్నారు. పాలకొల్లులో వాళ్ల సమాధి రాళ్లు ఇంకా ఉన్నాయి. ఫ్రెంచివాళ్లు యానాం చేరారు. ఇంగ్లీషు కంపెనీ నరసాపురం పక్కనే, వశిష్ఠ ఒడ్డున మాధవాయపాలెంలో దిగింది. వాళ్ల నోట అది మదపొల్లం అయింది. డెల్టాలో ఇంగ్లీషువాళ్ల వ్యాపార కచేరీలు మూడు. మాధవాయపాలెం పెద్దది, మిగిలిన రెండు బెండమూర్లంక, ఇంజరం. వీళ్లందరినీ ఇక్కడికి రప్పించినవి పల్లెల్లో గుంటమగ్గాల మీద దిగే తెల్లటి తానులు. బట్ట నాణ్యాన్ని పుంజాల లెక్కన కట్టేవారు. పుంజాలు పెరిగే కొద్దీ నేత చిక్కన, బట్ట సన్నన. కంపెనీ ముందస్తు సొమ్ము ఇచ్చి నేతగాణ్ణి అప్పులో బిగించేది, తాను నచ్చకపోతే తిప్పికొట్టేది. దిగిన తానుని చాకళ్లు ఉతికి, ఎండబెట్టి, మళ్లీ ఉతికి పాలలా తెల్లగా చేస్తేనే ఓడ ఎక్కేది.

ఆ తెల్లబట్టకు ఊరి పేరే పడింది. మదపొల్లం అంటే మస్లిన్ కన్నా ముతక, మామూలు కాలికో కన్నా సన్నం అయిన మెత్తటి నూలుబట్ట అని ఐరోపాలో బట్టల వర్తకులందరికీ తెలుసు. ఫ్రెంచి వాళ్ల దుకాణాల్లో నేటికీ ఆ పేరుతో బట్ట అమ్ముతారు. ఊరు మాత్రం నిలవలేదు. పాత మాధవాయపాలేన్ని చాలా మట్టుకు వశిష్ఠ కోసేసుకుంది.

గోదావరి కోసేయకముందే దాన్ని కోసిన చేతులు వేరే ఉన్నాయి. 1813లో ఇండియా వ్యాపారం మీద కంపెనీ గుత్తాధిపత్యం పోయింది, 1833లో వ్యాపారమే మానుకోవాల్సి వచ్చింది. మాధవాయపాలెం కచేరీ కూడా ఆ రోజుల్లోనే ముగిసింది. ఆలోపు లాంకషైర్ మిల్లులు మదపొల్లాన్ని యంత్రం మీద నేయడం నేర్చాయి. 1886లో అచ్చయిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు చెప్పేది చదివితే కడుపు మండుతుంది: అప్పటికి మదపొల్లం ఇంగ్లండు నుంచి ఇండియాకు దిగుమతయ్యే సరుకు. నరసాపురం పక్క పల్లె పేరు మోస్తూ వచ్చిన మాంచెస్టర్ తానుని నరసాపురం బజారులో మనవాళ్లు కొనుక్కున్నారు. 1923 డిసెంబరులో కాకినాడ కాంగ్రెసు మహాసభలో అఖిల భారత ఖద్దరు బోర్డు ఏర్పడిందంటే ఆ వేదికకు కాకినాడ తగిన ఊరే. ఖద్దరు గురించి ఈ డెల్టాకు ఒకరు వచ్చి నచ్చజెప్పాల్సిన అవసరం లేదు.

ఇంత బట్ట నేసిన నేల మీద వంటింటికి కొత్తగుడ్డ వచ్చేదా? రాదు. అది ఇక్కడి పద్ధతి. ఇంగ్లండులో టీ అలవాటు ముదిరాక పింగాణీ కప్పులు తుడవడానికని అవిసెనారతో ప్రత్యేకంగా తువ్వాళ్లు నేయించుకున్నారు. మన దగ్గర వంటింటి గుడ్డని నేయించిన వాళ్లు లేరు. పంచెగా పుట్టి, అంచు చిరిగాక చింపి తువ్వాలై, తువ్వాలు పల్చబడ్డాక పొయ్యి దగ్గరికి వచ్చేది. మసిపట్టి నల్లబడ్డాక అరుగు తుడవడానికి, ఆ పైన గూట్లో కిరోసిన్ దీపం చిమ్నీ తుడవడానికి. చీరైతే దారి వేరు. మెత్తటి భాగం పొత్తిగుడ్డలకి, ఉయ్యాలకి, బొంతకి పోగా కొంగు ముక్క వంటింటికి. ఇందులో పొదుపు ఉంది గానీ పొదుపొక్కటే కాదు. కొత్త నూలుబట్ట మీద గంజీ, పోగులో పుట్టుకతో ఉండే మైనంలాంటి పొరా ఉంటాయి. అది నీళ్లు తాగదు. ఏళ్ల తరబడి ఉతికితే అవి పోతాయి, పోగు విచ్చుకుంటుంది. వంటింటికి కావలసిన గుణం బట్టకు చివరి వయసులోనే వస్తుంది.

ఆ గుణంతో చేసిన పనులు చూడండి. బూడిద గుమ్మడికాయ ముక్కలకి ఉప్పూ పసుపూ కలిపి గుడ్డలో మూటగట్టి, పైన రుబ్బురాయి బరువు పెడితే తెల్లారేసరికి నీరంతా దిగిపోతుంది. ఆ ముక్కల్ని మినప్పిండిలో కలిపి డాబా మీద పాత పంచె పరిచి వడియాలు పెడతారు. ఎండాక వాటిని లాగితే విరుగుతాయి. పంచె తిరగేసి వెనకవైపు నీళ్లు చిలకరించాలి, గుడ్డ తడి పీల్చి వడియాన్ని వదిలేస్తుంది. అరిసెల బియ్యం నానబెట్టి వడకట్టాక గుడ్డ మీద నీడన ఆరబోస్తారు. తడి పూర్తిగా పోకూడదు, చేతికి అంటకూడదు. ఆ పదును తప్పితే పాకం సంగతి మాట్లాడుకోనక్కరలేదు. వేసవిలో ఆవకాయకి కాయ కడిగాక ఒక్కొక్కటీ పొడిగుడ్డతో తుడిచి, ముచ్చిక దగ్గర మరీ గట్టిగా తుడిచి, అప్పుడే కత్తిపీట దగ్గరికి పంపుతారు. చుక్క నీరు చాలు జాడీ అంతా బూజు పట్టడానికి. జాడీకి మూత పెట్టి ఊరుకోరు, గుడ్డతో వాసెన కట్టి తాడు బిగిస్తారు. గారె తట్టాలంటే అరిటాకు లేని చోట తడిగుడ్డ.

వాసెనకు ఇంకో పని కూడా ఉంది, అది వంటలోకే దిగుతుంది. కుండలో సగానికి నీళ్లు పోసి, మూతికి తడిపి పిండిన గుడ్డ బిగుతుగా కట్టి, నీళ్లు మరిగాక దాని మీద మినప్పిండి పోసి పైన మూకుడు బోర్లిస్తే ఆవిరి కుడుము. ఇడ్లీరేకులు ఇంటింటికీ రాకముందు పిండిని ఆవిరి మీద ఉడికించడానికి గుడ్డకి మించిన పనిముట్టు లేదు. నేతలోని సందులే చిల్లులు. కుండ దించేటప్పుడు పనికిరాని తడి ఇక్కడ తప్పనిసరి. పొడిగుడ్డ మీద పిండి పోస్తే అతుక్కుపోతుంది.

దాటేయలేని విషయం ఒకటుంది. మడి పాటించే ఇళ్లలో వంటింటి గుడ్డకీ, వంట చేసే మనిషి కట్టిన బట్టకీ ఒక నియమం. చాకలి ఉతికిన బట్ట మడికి పనికిరాదు, ఇంట్లోవాళ్లే తడిపి, ఎవరూ తగలకుండా ఎత్తు దండెం మీద కర్రతో ఆరేసుకోవాలి. మదపొల్లం తానుని ఓడకు ఎక్కించేంత తెల్లగా ఉతికిన చేతులు గుమ్మం బయటే ఆగాయి. నేసిన చేతులూ అంతే. శుభ్రతకోసం పుట్టిన ఆచారం అని దీన్ని సమర్థించే పెద్దలు నేటికీ ఉన్నారు. నేను ఒప్పుకోను. శుభ్రతే కావాలంటే అందులో ఆరితేరినవాళ్లు ఆ చాకళ్లే. డెల్టా వంటింటి చరిత్ర రాస్తూ పూతరేకుల తీపి మాత్రమే రాసి దీన్ని వదిలేస్తే అది చరిత్ర కాదు.

గుడ్డ చక్రం తెగింది సింథటిక్ చీరలతో. నైలాన్, పాలియెస్టర్ చీరలు పల్లెలకు వచ్చాక ఆడవాళ్లకి ఉతుకు తేలికైంది, ఆరడం తేలికైంది, ఇస్త్రీ బెడద పోయింది. ఆ సుఖాన్ని తక్కువచేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. కానీ ఆ చీర పాతబడితే వంటింటికి రాలేదు. అది తడి పీల్చదు, వేడి గిన్నె తగిలితే కరిగి చేతికి అంటుకుంటుంది. అదే రోజుల్లో "పాత బట్టలకి స్టీలు సామాన్లు" అంటూ గంపలతో వచ్చే ఆడవాళ్లకి పాత చీరలు, ప్యాంట్లు ఇవ్వడం మొదలైంది. మూడు చీరలకి ఒక గిన్నె, బేరం కుదిరితే గిన్నెకి మూత. కుక్కర్ వచ్చి వార్పు మానిపించింది. గంజి పోయింది. 1999లో దీపం పథకంతో గ్యాస్ పొయ్యి పేదిళ్లకు చేరడం మొదలైంది, కుండ అడుగున మసి తగ్గింది. ఇది మాత్రం ఆడవాళ్ల ఊపిరితిత్తులకు దక్కిన మేలు.

అప్పటినుంచి వంటింటి గుడ్డ కొనాల్సిన వస్తువు. ద్వారపూడిలోనో రాజమండ్రి తాడితోట బట్టల మార్కెట్‌లోనో డజను లెక్కన కట్టలు దొరుకుతాయి. తమిళనాడు కరూరులో దిగినవి కొన్ని, షోలాపూర్‌వి కొన్ని. షోలాపూర్ తువ్వాళ్లని పరాయి సరుకు అనుకోకండి. తెలంగాణ నుంచి బతుకుతెరువు వెతుక్కుంటూ వెళ్లిన పద్మశాలీలు తరతరాలుగా ఆ ఊళ్లో మగ్గాల మీద, తర్వాత మరమగ్గాల మీద నేస్తున్నారు. అక్కడి సాలీల వాడల్లో నేటికీ తెలుగు వినిపిస్తుంది.

నరసాపురం సంగతి ఇంకో మాట చెప్పాలి. మాధవాయపాలెం కచేరీ మూతపడిన కొన్నేళ్లకు, 19వ శతాబ్దం మధ్యలో, మెక్రే అనే స్కాట్లండ్ మిషనరీ దంపతులు ఇక్కడి ఆడవాళ్లకు లేసు అల్లిక నేర్పారు. ఆ విద్య నరసాపురం చుట్టుపక్కల పల్లెలన్నిటికీ పాకింది. కప్పుల కింద వేసేవి, బల్లల మీద పరిచేవి, తువ్వాళ్ల అంచులు ఐరోపా, అమెరికా ఇళ్లకు వెళ్లాయి. 1982లో జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ నరసాపురం లేసు కార్మికుల మీద పుస్తకం ప్రచురించింది. లక్షకు పైగా ఆడవాళ్లు ఈ పనిలో ఉన్నారని ఆమె అంచనా. వంటా, పిల్లలూ, పశువులూ చూసుకుంటూ మధ్యలో రోజుకి ఆరేడు గంటలు అల్లేవాళ్లని చుట్టూ ఉన్నవాళ్లు "ఇంట్లో ఖాళీగా ఉంటుంది" అనడమే ఆ పుస్తకం పట్టుకున్న అసలు విషయం. పరదేశపు భోజనాల బల్లకి అంచు అల్లిన ఇంట్లో పొయ్యి దగ్గర చిరిగిన పంచె ముక్కే ఉండేది.

ఇక ఆత్రేయపురం.

కోనసీమ జిల్లాలో గోదావరి పక్కన ఉన్న ఈ ఊళ్లో గుడ్డ వంటకు సాయం చేసేది కాదు, వంట చేసేదే గుడ్డ. ప్రత్యేకంగా చేయించిన పెద్ద బాన లాంటి కుండని బోర్లించి, కింద ఎండు కొబ్బరి ఆకుల మంట పెడతారు. కొబ్బరాకు మంట చప్పున లేస్తుంది, చప్పున తగ్గుతుంది. కుండ వేడిని చేత్తో తిప్పినట్టు పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. జయ రకం బియ్యం నానబెట్టి, రుబ్బి, బాగా పల్చగా నీళ్లు కలిపి పళ్లెంలో పోస్తారు. సన్నటి నూలుగుడ్డని రెండు చేతుల్తో రెండు కొసలూ పట్టి పిండినీళ్లలో ముంచి, కుండ వీపు మీద ఇటునుంచి అటు ఒక్క లాగు. లాగీ లాగకముందే పూతరేకు తయారు. అంచు గిల్లి తీసి పక్కన పెట్టి మళ్లీ ముంచుతారు.

జరిగింది ఏమిటి? గుడ్డ పోగుల సందుల్లో పట్టిన పిండినీళ్లు కుండకు తగలగానే బియ్యపు పిండిలోని గంజి పదార్థం వేడికి ఉబ్బి, అంటుకుని, నీరు ఆవిరై పొరగా బిగుసుకుంటుంది. గరిటెతో పోస్తే అట్టు వస్తుంది, రేకు రాదు. బ్రష్షుతో పూస్తే చారలొస్తాయి. అంత పల్చటి పొరని అంతటా ఒకే మందంలో వదలగలిగేది పాతబడి మెత్తబడిన నూలు ఒక్కటే. లాగే వేగం, చేతి బిగువు, గుడ్డ తడి, ఈ మూడూ కుదరాలి. పడుగుకి గంజి పూసి పోగు పోగు విడదీసే పేటల సంగతి ఇందాక చెప్పాను. పూతరేకు కనిపెట్టిన చెయ్యి ఏ ఇంటిదైనా, గంజిని నూలు ఎలా పట్టి ఎలా వదులుతుందో ముందే తెలిసిన చెయ్యి అని నా నమ్మకం. పాలూ పంచదారా దండిగా ఉన్న ఊళ్లు దేశంలో చాలా ఉన్నాయి. వరి పొలమూ సాలీల మగ్గమూ ఇంత దగ్గరగా ఉన్న డెల్టాలో ఈ మిఠాయి పుట్టడం కాకతాళీయం అని నేను అనుకోను.

ఇంకో సంగతి. పూతరేకులు అనగానే పూర్వకాలపు వంటకం, యథాతథంగా వస్తోందని అంటాం. ఇప్పుడు అందరూ వాడే జయ బియ్యం 1968లో విడుదలైన రకం, హరితవిప్లవపు తొలి పొట్టి వరివంగడాల్లో ఒకటి. అంతకుముందు వేరే బియ్యంతో చేసిన ఇళ్లే ఇవి. కొత్త బియ్యాన్ని చేత్తో పట్టి చూసి, రేకు చిరగకుండా వస్తోందని తేల్చి, దాన్ని నిలబెట్టుకున్నది ఆ ఊరి ఆడవాళ్లు. ఏ పరిశోధనశాలా వాళ్లకి ఆ మాట చెప్పలేదు.

2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేరుని ఇంకెవరూ వాడుకోకుండా చట్టం కాపు కాస్తుంది, అది మంచిదే. మాధవాయపాలెం బట్టకు అలాంటి కాపు ఉండి ఉంటే మాంచెస్టర్ ఆ పేరుతో తాను అమ్మగలిగేది కాదు. అయితే రేకు తీసే పనికి కూలి వంద రేకుల లెక్కన. పొయ్యి సెగకి ఎదురుగా గంటల తరబడి కూర్చుని, వేడి కుండకి అంగుళం దూరంలో చేతులు ఆడించే మనిషికి వందకి ఎంత దక్కాలో ఆ గుర్తింపు కాగితం చెప్పదు. నెయ్యి ధర పెరిగితే పూతరేకుల డబ్బా ధర పెరుగుతుంది, జీడిపప్పు ధర పెరిగితే పెరుగుతుంది. రేకు తీసే కూలి కూడా ఆ లెక్కలోకి ఎక్కించాల్సింది ఆత్రేయపురం వ్యాపారులు, వాళ్ల సంఘాలు. రెండు వందల ఏళ్ల క్రితం ఈ డెల్టా నేతగాడు తాను ధర తానే చెప్పుకోలేకపోయాడు. ఈసారి గుడ్డ పట్టుకున్న చెయ్యి తన ధర తానే చెప్పాలి.

(ఇంకా ఉంది. వచ్చే వారం: జాడీ)